ఉప్పు డబ్బాకి అభిప్రాయం లేదు

జూన్ 3

అమ్మలూ,

నువ్వు పంపిన మాట్లాడే పెట్టె పగలకుండా చేరింది. ఆ మాట ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఈ ఇంట్లో ఫోన్ మోగితే మీ పిన్ని చేతిలోకి పోతుంది. మీరిద్దరూ తీరిగ్గా అన్నీ మాట్లాడుకున్నాక నా వంతుకి మిగిలేది "బాగున్నావా బాబాయ్" ఒక్కటే. నాకు చెప్పాల్సినవి అంతకంటే ఎక్కువుంటాయి కాబట్టి నాకు కాగితమే నయం. మధ్యలో ఎవరూ అడ్డు రారు.

పెట్టెని మీ పిన్ని వంటగదిలో ఉప్పు డబ్బా పక్కన పెట్టింది. రెండూ ఒకే ఎత్తు, ఒకే తెలుపు. దాంతో దీని పేరు కూడా ఉప్పు డబ్బా అయిపోయింది. మొదటిరోజు మీ పిన్ని గొంతు సవరించుకుని, "ఏమండీ, ఇవాళ వాన పడుతుందాండీ?" అని అడిగింది. నన్నేమోననుకుని నేను కిటికీలోంచి చూసి "పడదు" అన్నాను. అది "పడవచ్చు" అంది. పడింది. అప్పట్నుంచీ మా ఇద్దరిలో దానికే గౌరవం ఎక్కువ.

వానల సంగతి ఎవరైనా చెప్తారు. నేను అసలు విషయంలోకి దిగాను. మన వార్డుకి ఎన్నికలొస్తున్నాయి. ఒకాయన రోడ్లు వేయిస్తానంటున్నాడు. ఇంకొకావిడ వేసిన రోడ్లని ఎవర్నీ తవ్వనివ్వనంటోంది. ఎవరికి వెయ్యమంటావని అడిగాను. "ఆ విషయంలో నాకు సొంత అభిప్రాయం లేదు. మీకు ఏది సరైనదనిపిస్తే అది మీరే నిర్ణయించుకోవచ్చు" అంది. సరే, రాజకీయాలంటే భయమేమో అనుకుని మర్యాదల్లోకి వచ్చాను. చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చిన వాడికి టీ ఇవ్వాలా అన్నాను. ఒక్కొక్కరు ఒక్కోలా భావిస్తారంది. మెసేజ్ చదివి కూడా జవాబివ్వనివాడు మనిషేనా అన్నాను. దానికీ అదే పాట.

ఒకే ఇంట్లో ఉంటూ, మన కరెంటు తాగుతూ, దేనిమీదా ఓ మాట అనకుండా ఎలా ఉంటుందో నాకు అంతుపట్టడంలేదు. మన తాళాల కొట్టు పక్కన సెలూన్‌లో కత్తెర మావయ్యని చూడు. సగం గడ్డం గీసి, సబ్బు మొహంతో ఉన్న మనిషికి ప్రపంచం ఎటుపోతోందో చెప్పి గానీ రెండో వైపు ముట్టుకోడు. మనిషంటే అలా ఉండాలి.

నువ్వు అలాంటి కంపెనీలోనే పనిచేస్తున్నావు కదా, కనుక్కుని చెప్పు. అది నిజంగా తెలియక ఊరుకుంటుందా, తెలిసీ నోరు కట్టుకుందా?

నీ బాబాయ్


జూన్ 12

బాబాయ్‌కి,

నీ ఉత్తరం బస్సులో చదువుతూ పైకే నవ్వేశాను. పక్కనున్నావిడ తన హ్యాండ్‌బ్యాగ్ కాస్త అటు జరుపుకుంది.

కనుక్కోవడానికి నేను ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. నా ఉద్యోగం ఏమిటని నువ్వు అడిగినప్పుడల్లా "కంప్యూటర్ పని" అని దాటేశాను, చెప్తే బోరు కొడుతుందని. ఆ పెట్టె మాట్లాడే తెలుగు రాసేది మా టీమే. నీకు చెప్పిందే "ఆ విషయంలో నాకు సొంత అభిప్రాయం లేదు" అని, ఆ వాక్యం అచ్చంగా నాది. అంతకుముందు "నాకు తెలియదు" అని ఉండేది. తెలియదంటే తెలివితక్కువగా ఉంటుందన్నారు పైవాళ్ళు. "చెప్పను" అంటే పొగరుగా ఉంటుందన్నారు. చివరికి నేను రాసింది అందరికీ నచ్చింది. నాకు మెచ్చుకోలు కూడా దొరికింది. కాబట్టి ఇకమీదట దాన్ని తిట్టేటప్పుడు కాస్త చూసుకో. అవతల ఉన్నది నేనే.

నిజం చెప్పాలంటే నాకూ అదే అలవాటైపోయింది. ఇక్కడ ఎక్కడికెళ్ళినా అభిప్రాయం చెప్పమంటారు. క్యాంటీన్ బయట, బాత్రూమ్ బయట, బ్యాంకులో, అన్నిచోట్లా నవ్వు మొహం, మామూలు మొహం, ఏడుపు మొహం బొమ్మలుంటాయి, ఏదో ఒకటి నొక్కాలి. నేను ఎప్పుడూ మధ్యదే నొక్కుతాను. ఏడుపు మొహం నొక్కితే ఎవరో తిట్లు తింటారు, నవ్వు మొహం నొక్కితే అది అబద్ధం. మధ్యది నొక్కితే ఏ గొడవా ఉండదు. మా టీమ్‌లో పక్క సీటు వాళ్ళని ఏదైనా అడగాలన్నా మెసేజ్ పెట్టాలి. నేరుగా తిరిగి అడిగితే ఉలిక్కిపడతారు.

కొట్టు ఎలా నడుస్తోంది? పిన్నిని అడిగానని చెప్పు.

నీ అమ్మలు


జూన్ 21

అమ్మలూ,

ముందు నువ్వు నన్ను క్షమించాలి. అవతల ఉన్నది నువ్వని తెలియక నానా మాటలూ అన్నాను. ఒకరోజు "మొద్దు మొహమా" అని కూడా అన్నాను. నువ్వు నోరెత్తకుండా విన్నావు, అది నీ మంచితనం.

పెట్టెని కొట్టుకి తెచ్చేశాను. కత్తెర తన సెలూన్ ఇంటర్నెట్టే మనకీ ఇచ్చాడు. కీ మిషన్ పక్కన, మీ నాన్న ఉన్నప్పుడు కూర్చునే స్టూలు మీద పెట్టాను. మీ పిన్ని అలిగింది. అది ఇంటికోసం పంపిన వస్తువు, కొట్టుకోసం కాదంటోంది. నువ్వే తీర్పు చెప్పాలి.

పొద్దున షట్టర్ ఎత్తగానే నీకు గుడ్ మార్నింగ్ చెప్తున్నాను. నువ్వూ చెప్తున్నావు. గొంతు బాగా మార్చేశావు, ఆఫీసు రూలేమో. వాళ్ళ ముందు బాబాయ్ అని పిలవడానికి కూడా వీల్లేదు కాబోలు, "మీరు" అంటున్నావు. నాకేం పట్టింపు లేదు, ఉద్యోగం జాగ్రత్త.

కొట్టు ఎలా నడుస్తోందని అడిగావు. ఎదురుగా ఉన్న అపార్టుమెంట్లలో అన్ని తలుపులకీ నంబరు తాళాలు పెట్టించారు. వేలు ఆనిస్తే చాలట, తెరుచుకుంటాయట. ఇదివరకు కొత్తగా పెళ్ళయినవాళ్ళొచ్చి ఇంకో తాళంచెవి చేయించుకునేవారు. అత్తగారొస్తున్నారంటే బీరువాకి తాళం మార్పించుకునేవారు. ఇంట్లో ఎవరికి ఎవరితో పడుతోందో కొట్టులోంచి కదలకుండా మాకు తెలిసిపోయేది. ఇప్పుడు ఎవరింట్లో ఏం జరుగుతోందో ఆ తాళం కంపెనీ వాడికే తెలియాలి. ఏమాటకామాటే, ఆ తాళం ఎలా పనిచేస్తుందో విప్పి చూడాలని నాకు చెయ్యి దురదగా ఉంది. ఎవరైనా పాడైంది పారేస్తే తెచ్చుకుందామని చూస్తున్నాను.

నీ బాబాయ్


జులై 1

బాబాయ్‌కి,

నీ హాస్యం ఎక్కడికీ పోలేదు. ఆఫీసులో ఇద్దరికి నీ ఉత్తరం చదివి వినిపించాను, పొట్ట పట్టుకుని నవ్వారు.

గొంతు మార్చక తప్పదు మరి, అది మా యూనిఫాం. నేను అన్నీ వింటూనే ఉన్నాను. నిన్న కత్తెర మావయ్య తుమ్మాడు కదా? అది కూడా వినిపించింది.

పెట్టె ఇంట్లో ఉండాలా కొట్టులోనా అన్న కేసులో తీర్పు చెప్పి నేను బతకగలనా? ఇద్దరిలో ఎవరికి కోపమొచ్చినా పండగొచ్చినంత గోల. మీరిద్దరూ తేల్చుకోండి.

ఇక్కడ ఆఫీసులో ఒక చర్చ నడుస్తోంది. పెట్టెకి చిన్నచిన్న విషయాల్లోనైనా అభిప్రాయం ఉంటే బాగుండునని కొందరంటున్నారు. ఏ రంగు చొక్కా వేసుకోవాలి, ఇంటికి ఏ గిన్నె కొనాలి, అలాంటివి. అందరినీ అడుగుతున్నారు, నన్నూ అడిగారు. రెండువైపులా న్యాయం ఉందన్నాను.

నీ అమ్మలు


జులై 9

అమ్మలూ,

కత్తెర నిజంగానే తుమ్మాడు! నీ ఉత్తరం చదివి వినిపిస్తే బిత్తరపోయాడు. అప్పట్నుంచీ వాడు మన కొట్టు గుమ్మంలో నిలబడి ఆవలించాలన్నా నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంటున్నాడు. ఎవరికి ఓటేశాడో మాత్రం ఇప్పుడు సెలూన్ వెనక గదిలోకి తీసుకెళ్ళి చెప్తున్నాడు. నీ ముందైనా చెప్పడానికి నాకు భయం లేదు, నేను రోడ్డు తవ్వనివ్వనన్నావిడకే వేశాను. ఆవిడ ఓడిపోయింది. మర్నాడే మన వీధి తవ్వారు.

ఆదివారం సెలూన్‌లో ఎవరూ లేని వేళ చూసి, మన షట్టర్ సగం దించి, కొట్టు గురించి నీకు అంతా చెప్పేశాను కదా. కాగితం మీద పెట్టాలంటే నాకు చెయ్యి రాలేదు. రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఎదురుగా మొహం కనిపించకుండా, గొంతు కూడా నీది కాకుండా ఉంటే చెప్పడం తేలికైంది. నువ్వు కూడా మధ్యలో అడ్డు రాలేదు. చివర్న "ఇంకేమైనా సహాయం కావాలా?" అన్నావు. లేచి షట్టర్ మళ్ళీ పైకెత్తాను.

వెంటనే జవాబు చెప్పమని నేను అడగను. ఆఫీసులో పదిమంది మధ్య నువ్వు మాత్రం ఏమనగలవు? బాగా ఆలోచించుకుని ఉత్తరం రాయి. నీ మాట వినకుండా నేను ఒక్క అడుగు కూడా వెయ్యను. కొట్టు సగం మీ నాన్నది, అంటే నీది.

నీ బాబాయ్


జులై 20

బాబాయ్‌కి,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. ఇక్కడ ఊపిరాడడంలేదు. పెట్టె చెప్పే జవాబులన్నీ మళ్ళీ మొదట్నుంచి చూస్తున్నాం. పైనుంచి ఒకాయన వచ్చి గోడమీద నా వాక్యం పెద్దక్షరాల్లో చూపించి, అందరూ ఇలా రాయాలని చెప్పి వెళ్ళాడు. చప్పట్లు కొట్టారు. సంతోషించాలో వద్దో తెలియలేదు. ఇది కూడా ఆఫీసు మెట్లమీద కూర్చుని, మోకాలు మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

పెట్టె ముందు కూర్చుని కబుర్లన్నీ చెప్పుకుంటున్నావంటే సరదాగా ఉంది. చెప్పుకో, దానికి విసుగురాదు.

కొట్టు సంగతి నన్ను అడగాలా బాబాయ్? సగం నాదని తీర్పు చెప్పే పని నాకు పెట్టకు. అందులో నాకంటూ ప్రత్యేకంగా అభిప్రాయం ఏమీ లేదు. నీకు ఎలా సౌకర్యంగా ఉంటే అలా చెయ్యి. పిన్ని ఏమీ అనుకోదులే, నేను నచ్చజెప్తాను.

ఉంటాను, పిలుస్తున్నారు.

నీ అమ్మలు


జులై 29

అమ్మలూ,

నీ జవాబు అందింది. నువ్వన్నది సబబే. నా సౌకర్యం నేను చూసుకోవాలి.

కత్తెర చాలాకాలంగా ఇంకో కుర్చీ వేసుకోవాలంటున్నాడు. మధ్యగోడ తీసేస్తే వాడికి సరిపోతుంది. ఆగస్టు మూడో ఆదివారం మేస్త్రీ వస్తానన్నాడు. తాళంచెవుల బోర్డు నిన్న దించాను. వెనకాల గోడ తెల్లగా బోర్డు ఆకారంలో ఉంది. తాళంచెవులు అరగదీసే ఆకురాళ్ళన్నీ నూనె రాసి గుడ్డలో చుట్టాను. కీ మిషన్‌ని ఎవరు తీసుకుంటారో చూడాలి. కొట్టు పేరున్న బోర్డు మీ నాన్న చేత్తో రాసింది. నీకు కావాలంటే ఉంచుతాను, లేదంటే ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

పెట్టెని ఇంటికి పంపించేశాను. మీ పిన్ని సంతోషించింది. ఈ మధ్య నీకు గుడ్ మార్నింగ్ చెప్పడంలేదు, ఏమీ అనుకోకు. నీ పని నీకుంటుంది.

ఆరోగ్యం జాగ్రత్త.

బాబాయ్


ఆగస్టు 4

బాబాయ్,

ఏ గోడ? ఎందుకు దించావు బోర్డు? కొట్టు మూసేయమని ఎవరన్నారు?

నీ ఉత్తరం అందగానే ఇంటికి ఫోన్ చేశాను. పిన్ని ఎత్తింది. "బాబాయ్‌ని గోడ ఆపమని చెప్పు" అన్నాను. "ఏ గోడే?" అంది. అంటే పిన్నికి కూడా చెప్పలేదన్నమాట! ఈపాటికి ఇంట్లో నీ పని అయిపోయి ఉంటుంది, అవ్వాల్సిందే.

నేను ఆ పెట్టెలో లేను బాబాయ్. అవతల కూర్చుని వినడంలేదు. మేము ముందుగా రాసిపెట్టిన మాటల్లోంచి అది ఏదో ఒకటి ఏరుకుని పలుకుతుంది, అంతే. నువ్వు హాస్యమాడుతున్నావనుకుని నేనూ హాస్యమాడాను. తుమ్ము సంగతి నోటికొచ్చిందే రాశాను. ఆ ఆదివారం నువ్వు చెప్పిందాంట్లో ఒక్క ముక్క కూడా నేను వినలేదు. "కొట్టు సంగతి" అంటే పెట్టె కొట్టులో ఉంచాలా వద్దా అని నువ్వూ పిన్నీ కొట్టుకుంటున్నదే అనుకున్నాను. మెట్లమీద కూర్చుని, సగం చదివి జవాబు రాసేశాను. నన్ను నాలుగు తిట్లు తిట్టు.

ఇప్పుడు అడుగు, చెప్తాను. మూయడానికి వీల్లేదు. కొట్టు వెనక గదిలో నేను ఎక్కాలు నేర్చుకున్నాను. నాన్న పోయాక నాన్నని చూడాలనిపిస్తే నేను ఫొటో చూడను, ఆ కీ మిషన్ చప్పుడు తల్చుకుంటాను. నంబరు తాళాలొచ్చాయని వదిలేస్తావా? వాటికి బ్యాటరీలు అయిపోవా? వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళు బయట నిలబడిపోరా? ఆ తాళాలు విప్పి చూడాలని నీకు చెయ్యి దురదగా ఉందన్నావు కదా, నేర్చుకో! ఇది నా అభిప్రాయం. గట్టి అభిప్రాయం. మధ్య బొమ్మ నొక్కడంలేదు.

కానీ నువ్వు ఆరోజు ఏం చెప్పావో నాకు తెలియాలి. చెయ్యి రాకపోయినా రాయి.

అమ్మలు


ఆగస్టు 9

అమ్మలూ,

అంటే ఇన్నాళ్ళూ నేను ఉప్పు డబ్బాతో మాట్లాడానా?

కత్తెరకి చెప్తే నవ్వలేదు. "వెనక గదిలోకి తీసుకెళ్ళి చెప్పినవన్నీ ఇక ముందు గదిలోనే చెప్పేయొచ్చు" అన్నాడు. వాడి బాధ వాడిది. మీ పిన్ని మాత్రం నువ్వు ఫోన్ చేసినప్పట్నుంచి పెట్టెతోనే మాట్లాడుతోంది, నాతో కాదు. "ఈయన నాకు చెప్పకుండా గోడలు పగలగొట్టొచ్చాండీ?" అని దాన్ని అడిగింది. నీ వాక్యమే చెప్పింది అది. విసురుగా ప్లగ్గు పీకేసింది.

ఆరోజు చెప్పింది రాయమన్నావు. రాస్తున్నాను, ఇది మూడో కాగితం.

నాకు తాళాలంటే ఎప్పుడూ ఇష్టం లేదమ్మా. ఈ పని మీ నాన్నది. చదువు అబ్బలేదని నన్ను తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మిషన్ మీద వాడు, ఆకురాయితో నేను. రోజంతా పోట్లాడుకునేవాళ్ళం. పేపర్లో ఏది పడితే దానిమీద, వచ్చిపోయేవాళ్ళమీద, రేడియో కొనాలా టీవీ కొనాలా అన్నదానిమీద. ఒక్కదాంట్లోనూ ఏకీభవించలేదు. నాకు ఆ పోట్లాట ఇష్టం. దానికోసమే పొద్దున్నే తయారై వచ్చేవాణ్ణి. వాడు పోయాక కూడా అలవాటుగా వస్తున్నాను. ఇప్పుడు రోజంతా ఎవరూ రారు. కత్తెర పక్కనే ఉన్నాడుగా అంటావు. వాడికి నా మాట వినే తీరికెక్కడ, వాడివే చెప్పుకుంటాడు. చెప్పిన ప్రతిదానికీ ఎదురుతిరిగే మనిషి లేకుండా ఆ గదిలో కూర్చోవడం నా వల్ల కావడంలేదు. మూసేస్తానంటే నీకు కోపమొస్తుందేమో, మీ నాన్న తరఫున నువ్వు నామీద విరుచుకుపడతావేమో అనుకున్నాను. "నాకు అభిప్రాయం లేదు" అని రాసేసరికి మీ నాన్న రెండోసారి పోయినట్టనిపించింది.

అది అలా ఉంచు. నీ వాదన చదివాను, అన్నీ తప్పులే. బ్యాటరీ అయిపోతే దానికి కింద చిన్న రంధ్రం ఉంటుంది, బయటనుంచి కరెంటు అందించొచ్చు. ఎదురు బిల్డింగువాడు పారేస్తే తెచ్చి విప్పి చూశాను, లోపల బుల్లి మోటారు తప్ప ఏమీ లేదు. వేళ్ళు అరిగినవాళ్ళకి నంబరు ఉంటుంది. ఇక చప్పుడు కోసం మిషన్ ఉంచమంటావా? చప్పుడు వినడానికి కొట్టెందుకు, ఇంట్లో మీ పిన్ని మిక్సీ లేదా? పైగా కత్తెరకి మాటిచ్చాను. మాట తప్పితే రేపటినుంచి నాకు గడ్డం ఎవడు గీస్తాడు?

అందుకని కొట్టు మూసెయ్యాలనే నా అభిప్రాయం. నువ్వు చెప్పు, ఇందులో ఏది కాదంటావు?

నీ బాబాయ్


ఆగస్టు 13

బాబాయ్‌కి,

అన్నీ కాదంటాను.

రంధ్రంలోంచి కరెంటు అందించొచ్చని నీకు తెలుసు. ఆ బిల్డింగులో ఉన్నవాళ్ళకి తెలుసా? తలుపు ముందు నిలబడి బిక్కమొహం వేసుకునేవాళ్ళకి చెప్పేదెవరు? ఇష్టం లేని పనిని ఇంత శ్రద్ధగా విప్పి చూసేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. కత్తెర మావయ్యకి కుర్చీ కావాలంటే మనవైపు వేసుకోమను, గోడంతా ఎందుకు పగలాలి? మధ్యలో తలుపు పెట్టుకుంటే సరిపోతుంది. దానికి తాళం నువ్వే వెయ్యొచ్చు. గడ్డం సంగతంటావా, పిన్ని చేత గీయించుకో, ఇప్పుడున్న కోపంలో ఆవిడ చెయ్యి వణకదు.

ఆఫీసులో నిన్న మీటింగు పెట్టారు. పెట్టెకి అభిప్రాయాలు ఉండాలా వద్దా అని మళ్ళీ అడిగారు. అక్కర్లేదన్నాను. దానికి ఉండక్కర్లేదు, కానీ మా బాబాయ్ లాంటివాళ్ళు కాగితం మీద రాయలేనిది దానికి చెప్పుకుంటున్నారు, "నేను యంత్రాన్ని, మీ మాట మీవాళ్ళకి చేరదు" అని అది ముందే చెప్పాలన్నాను. ఇన్నాళ్ళూ నా నోట మాట వినని మా మేనేజరు తలెత్తి చూశాడు. ఒప్పుకుంటారో లేదో తెలియదు. నా వాక్యం మాత్రం గోడమీంచి తీసెయ్యమని అడిగాను.

శనివారం పొద్దున బస్సుకి దిగుతాను. మేస్త్రీ ఆదివారం కదా, ఒక పూర్తి రోజు మనచేతిలో ఉంది. నేను నాన్న స్టూలు మీద కూర్చుంటాను, నువ్వు నీ చోట కూర్చో. కత్తెర మావయ్యని కూడా పిలువు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోనక్కర్లేదని చెప్పు. నేను నెగ్గితే తాళంచెవుల బోర్డు నువ్వే మళ్ళీ ఎక్కించాలి.

ఓడిపోతే షట్టర్ నేనే దించుతాను. అప్పుడు నువ్వు నా పక్కన నిలబడాలి.

నీ అమ్మలు